ఎవరికని అడగొద్దు

పార్సిగుట్టల నా వంతుకొచ్చినవి పదకొండు వందల నలభై స్లిప్పులు.
అంగన్‌వాడీల కోడిగుడ్లు లెక్కపెట్టే చేతులు,
ఓటర్లను లెక్కపెట్టలేవా అన్నడు సూపర్‌వైజర్ సారు.
మొదటి గల్లీలనే రబ్బరుబ్యాండు తెగింది.
పాత చీర అంచు చింపి కట్టిన.

ఇంటి నంబరుంటది, ఇల్లుండదు.
మొగిలయ్య వాళ్ళ రేకులిల్లు ఉన్నకాడ
ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టలు.
మెట్ల మీద నోట్ల బ్రష్షుతోటి ఒక పిల్లగాడు
"నా ఓటు ఆసిఫాబాద్‌ల ఉంది మేడం" అన్నడు.
లిస్టుల మాత్రం మొగిలయ్యోళ్ళు ఆరుగురూ
ఇంకా ఆ రేకుల కిందనే ఉన్నరు.

ఖైసర్ బేగం తలుపు సందుల నుంచి చేయి చాపింది.
స్లిప్పు మీద ఆమె ఫోటోనే,
పక్కన మాత్రం "పురుషుడు" అని అచ్చయింది.
"ముప్పై ఏండ్ల సంది ఈ ఇంటి కిరాయి నేనే కడ్తున్న,
ఇన్నాళ్ళకు సర్కారు కనిపెట్టింది" అని నవ్వింది.
సరి చేయించే ఫారం తీసిన.
"ఉండనియ్ బేటా, కొన్ని రోజులు ఉండనియ్."

వాచీలు బాగుచేసే శ్రీహరి తాత
రెండు స్లిప్పులూ తీసుకొని ఒకటి జేబుల పెట్టుకున్నడు.
అది అండాలమ్మది. పోయిన ఆషాఢంల ఆమె లేకుండ పోయింది.
"ఇందుల ఫోటో మంచిగ పడ్డది" అన్నడు.
రూలు ప్రకారం వాపసు తేవాలె.
తెచ్చిన.
రాత్రి రిజిస్టర్ల "మృతి" అని రాస్తుంటే
ఆ ఒక్క వరుస కాడ పెన్ను సాగలే.

అన్ని గడపల ఒకటే మాట:
"టీచరమ్మా, ఎవరికెయ్యాలె?"
నేను చెప్పేది కూడ ఒకటే:
కమ్యూనిటీ హాలు, ఎడమ దిక్కు రెండో అర్ర,
పొద్దున ఏడు కాడి నుంచి,
గుర్తింపు కార్డు మరువకుండ్రి.
ఎక్కడ, ఎప్పుడు. నా సంచిల ఉన్నవి ఈ రెండే.
ఎవరికి, ఎందుకు అనేటివి
ఆఫీసుల నాకియ్యలే.

ఈసారి మా వార్డు ఆడోళ్ళకు రిజర్వు.
గోడల మీద నలుగురు ఆడోళ్ళ బొమ్మలు,
వాళ్ళ భుజాల మీంచి నలుగురు మొగోళ్ళు,
వాళ్ళకంటె రెండింతలున్నరు, దండం పెడ్తున్నరు.
ఉంగరం గుర్తామె పెనిమిటి
మూడేండ్ల కింద మా నాలా కాడ కొబ్బరికాయ కొట్టిండు.
మూత పడలే. చిప్పలు మాత్రం మొదటి వానకే కొట్టుకపోయినయి.

ఐదో ఆమెకు గోడ దొరకలే.
ఇస్త్రీ బండి సుగుణాబాయి, ఈల గుర్తు.
ఉతికిన అంగీ మడతల నడుమ
తన కాగితం పెట్టి పంపుతది.
వేడికి దాని అంచు పచ్చవడ్డది.
మా ఇంట్ల నాలుగు అంగీలకు నాలుగు కాగితాలొచ్చినయి.
కింద ఒక్కటే మాట: నాలా మీద మూత.
డిపాజిట్ పైసలు చీటి ఎత్తి కట్టిందట.
"మీ గల్లీల ఎన్ని ఓట్లున్నయమ్మా?" అని ఒకనాడు అడిగింది.
అది కూడ నేను చెప్పొద్దు. చెప్పలే.

ఓట్ల దినం టార్పాలిన్ కింద కుర్చీ, లిస్టు, నేను.
వరుసల పడి వచ్చిన్రు, పోయిన్రు.
పెండ్లయిన ఇరవై ఏండ్లకు
ఒక మొగడు పెండ్లాం మొదటిసారి వేరు వేరు బూతులకు పోయిన్రు,
ఇద్దరు వాపసొచ్చి ఒకే గొడుగు కింద ఇంటికి నడిచిన్రు.

మూతవడ్తదనంగా పది నిమిషాల ముందు నేను లోపలికి పోయిన.
ఆఫీసరు "స్లిప్పేది?" అన్నడు.
ఊరందరివి పంచి నాది ఇంట్ల మరిచిన.
కార్డు చూసి వేలికి సిరా పెట్టిన్రు,
కాగితం, ముద్ర చేతికిచ్చిన్రు.
అట్టపెట్టె చాటుకు పోయి నిలవడ్డ.

ఐదు పేర్లు, ఐదు గుర్తులు, వరుస తప్పకుండ నోటికొస్తయి.
పది దినాలు అందరు నన్నడిగింది
ఇప్పుడు నేనే నన్నడుగుతున్న,
కమ్యూనిటీ హాలు, ఎడమ దిక్కు రెండో అర్ర,
అని తప్ప నోట్లె జవాబు లేదు.
వెనుక నుంచి "జల్ది టీచరమ్మా" అన్నరెవరో.

బయట, గేటుకు నూరు గజాల అవుతల,
సుగుణాబాయి ఇస్త్రీ పెట్టెల బొగ్గులు ఊదుతున్నది.
నన్ను చూసింది, నా వేలు చూసింది.
ఆమె అడగలే.
నేను చెప్పలే.
"రేపటికి నాలుగు చీరెలున్నయి" అన్న.